జ్ఞానస్నానం రిజిస్టరు, కులం సర్టిఫికెట్టు
దళిత కథోలిక కుటుంబంలో పిల్లల పండుగ గురించి కొన్ని వివరాలు, కొన్ని ప్రశ్నలు

దళిత క్రైస్తవుల గురించి మాట్లాడేవాళ్ళు సాధారణంగా రెండు మాటలు మాట్లాడతారు. మతం మారారు గనక మీకు కులం లేదు, ఇంక సర్టిఫికెట్టు ఎందుకు అని ఒకరంటారు. మతం మారినా మీ కులం పోలేదు కదా, మరి మారి ఏం సాధించారు అని ఇంకొకరంటారు. మొదటిది కోర్టుల మాట. రెండోది మనలో కొందరు ప్రగతిశీల మిత్రుల మాట. ఈ ఇద్దరికీ ఒక పోలిక ఉంది. ఇద్దరూ వాడలోకొచ్చి, క్రైస్తవం అక్కడి ఇంట్లో ఏ రూపంలో ఉందో చూడరు. పుస్తకంలో ఉన్న మతాన్ని చూసి, మనుషుల మీద తీర్పు చెబుతారు.

అందుకని ఈ వ్యాసంలో మేం ఒక చిన్న సందర్భాన్నే తీసుకుంటున్నాం. పసిపిల్లలకు గుడిలో జ్ఞానస్నానం ఇప్పించి, ఇంటిదగ్గర నలుగురికీ అన్నం పెట్టే పండుగ. ఇది చూడటానికి ఇంటి వ్యవహారం. కానీ ఆరోజు విచారణ గుడి రిజిస్టరులో రాసిన ఒక్క వరస, ఆ పిల్లవాడికి ఇరవై ముప్పయ్యేళ్ళు వచ్చాక ఎమ్మార్వో ఆఫీసులోనూ కోర్టులోనూ లేచి నిలబడుతుంది. దాని సంగతి కార్యకర్తలూ, విద్యార్థులూ, ఉపాధ్యాయులూ వివరంగా తెలుసుకోవాలని మా ఉద్దేశం.

ముందు ఒక మాట గురించి. బాప్టిస్టు, లూథరన్ సంఘాలవాళ్ళు దీన్ని బాప్తిస్మం అంటారు. కథోలికులు జ్ఞానస్నానం అంటారు. పల్లెలో ముసలివాళ్ళు 'బాప్తీసం' అనేస్తారు. తేడా మాటలోనే లేదు. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. వయసొచ్చి, తన నోటితో తాను విశ్వాసం ఒప్పుకున్నవాళ్ళను నీళ్ళలో ముంచుతారు. ఒంగోలు ప్రాంతంలో 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. వాళ్ళందరూ వయసొచ్చినవాళ్ళే. ధాతకరువులో గంజి కోసం మారారని ఇప్పటికీ కొందరు ఎగతాళి చేస్తారుగానీ, కరువు పనులు జరిగినన్నాళ్ళూ క్లౌ దొర బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపేశాడన్న సంగతి వాళ్ళు చెప్పరు.

కథోలికుల పద్ధతి వేరు. తల్లిదండ్రుల విశ్వాసాన్నిబట్టి పసిబిడ్డకే జ్ఞానస్నానం ఇస్తారు. 1983 నాటి కథోలిక చట్టసంహిత 867వ నిబంధన ప్రకారం, బిడ్డ పుట్టిన మొదటి వారాల్లోనే తల్లిదండ్రులు ఈ ఏర్పాటు చూసుకోవాలి. అంటే ఇక్కడ 'మతం మారడం' అనే పని పిల్లవాడు చేయడు. ఉయ్యాల్లో ఉండగానే ఇంట్లోవాళ్ళు చేస్తారు. చట్టం దగ్గరికొచ్చేసరికి ఈ సంగతి చాలా ముఖ్యమవుతుంది.

పండుగ

గుంటూరు, పల్నాడు, ప్రకాశం, కృష్ణా, కర్నూలు జిల్లాల్లో విచారణ గుడి ఉన్న ఊళ్ళు చాలా ఉన్నాయి. అలాంటి ఊళ్ళో ఒక మాలపల్లెనో మాదిగపల్లెనో తీసుకోండి. మేం ఏ ఇంటినీ పేరుపెట్టి చెప్పడం లేదు. చాలా ఇళ్ళల్లో జరిగేదే చెబుతున్నాం.

వారాల్లోపలే ఇప్పించాలని నిబంధన ఉన్నా కూలికి పోయేవాళ్ళకు అది కుదరదు. ఆలుమగలిద్దరూ హైదరాబాదులో భవనాల పనికో, గుంటూరు మిర్చియార్డులో కూలికో పోయుంటారు. పెద్దబిడ్డ పుట్టినప్పుడు చేతిలో డబ్బుల్లేక ఆగిపోతారు. రెండో బిడ్డ పుట్టాక, క్రిస్మస్‌కో ఈస్టరుకో ఊరికొచ్చినప్పుడు ఇద్దరికీ కలిపి ఒకేసారి ఇప్పిస్తారు. ఒకరిది చంకలో, ఇంకొకరిది నడిచే వయసు. ఖర్చు ఒక్కసారితో పోతుంది. చుట్టాలు కూడా రెండుసార్లు కూలి పోగొట్టుకుని రానక్కర్లేదు.

డ్వాక్రా సంఘంలో తీసిన అప్పో, మేస్త్రీ దగ్గర తీసుకున్న బయానానో ముందే సిద్ధం చేసుకుంటారు. మేనమామ బట్టలు తెస్తాడు. ఇది గుడి పెట్టిన ఆచారం కాదు, మన కుటుంబాల్లో ఎప్పట్నించో ఉన్నది. జ్ఞానతల్లి తెల్లగౌను, కొవ్వొత్తి తెస్తుంది. కలిగినవాళ్ళయితే వెండి మొలతాడో, కాళ్ళకు పట్టీలో పెడతారు. గుడినించి వచ్చాక వాకిట్లో టెంటు కింద భోజనాలు. వేట కోసినవాళ్ళు వేట, లేనివాళ్ళు కోళ్ళు, మన ఇళ్ళల్లో దాచుకోనవసరం లేని పెద్దకూర. ఒకాయన నోటుబుక్కు పట్టుకు కూచుని చదివింపులు రాస్తాడు. అప్పులో కొంతయినా ఆ చదివింపులతో తీరుతుంది. పుట్టువెంట్రుకలు గుణదల మాత దగ్గర తీయిస్తామని మొక్కుకున్నవాళ్ళు ఫిబ్రవరి తిరునాళ్ళకు పోతారు.

మేనమామ, మొలతాడు, పుట్టువెంట్రుకలు చూసి "వీళ్ళు ఇంకా హిందువులే" అని కొందరంటారు. తెల్లగౌను, కొవ్వొత్తి చూసి "వీళ్ళు పరాయి మతంవాళ్ళయిపోయారు" అని ఇంకొందరంటారు. మేమనేదేమంటే, ఇవి రెండూ కలిసినదే వాడ జీవితం. మేనమామ బట్టలు పెట్టడం ఏ ఒక్క మతం సొత్తూ కాదు. మన కుటుంబాలు తమకున్న ఆచారాలను వదులుకోకుండానే గుడినుంచి తమకు కావలసింది తీసుకున్నాయి. మరి ఏం తీసుకున్నాయి?

ముట్టుకోవడం

జ్ఞానస్నానం జరిగే వరస చూద్దాం. ఇప్పుడు వాడుకలో ఉన్న శిశు జ్ఞానస్నాన క్రమం రెండో వాటికన్ మహాసభ తర్వాత 1969లో వచ్చింది. గురువు గుడి వాకిలి దగ్గరికొచ్చి తల్లిదండ్రులను అడుగుతాడు, బిడ్డకు ఏం పేరు పెడుతున్నారు, దేవుని సంఘాన్ని ఏం కోరుతున్నారు అని. తర్వాత బిడ్డ నుదుటిమీద సిలువ గుర్తు వేస్తాడు. తల్లిదండ్రులు వేస్తారు, జ్ఞానతల్లిదండ్రులు వేస్తారు. బిడ్డ రొమ్ముమీద తైలం రాస్తాడు. తలమీద మూడుసార్లు నీళ్ళు పోస్తాడు. నడినెత్తిన పరిమళ తైలం పూస్తాడు. క్రీస్తులాగా నువ్వూ యాజకుడివి, ప్రవక్తవి, రాజువి అని ఆ అభిషేకానికి అర్థం. తెల్లబట్ట వేస్తారు. పాస్కా కొవ్వొత్తినుంచి వెలిగించిన దీపం తండ్రి చేతికో జ్ఞానతండ్రి చేతికో ఇస్తారు. కొన్నిచోట్ల గురువు బిడ్డ చెవులనూ నోటినీ ముట్టి, దేవుని మాట వినాలనీ పలకాలనీ ప్రార్థిస్తాడు.

అరగంటలో ఎన్నిసార్లు ముట్టుకున్నారో లెక్కపెట్టండి. నుదురు, రొమ్ము, నెత్తి, చెవి, నోరు. మన తాతలకు హోటల్లో విడిగా గ్లాసు పెట్టిన ఊళ్ళోనే, వాళ్ళ నీడ పడితే మైలని చెప్పిన దేశంలోనే, ఒక మతగురువు నలుగురి ఎదుట మాదిగ బిడ్డను ముట్టుకుని నువ్వు రాజువి అంటున్నాడు. చెరువు నీళ్ళు ముట్టినందుకు మనుషులను కొట్టిన చరిత్ర మనది. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ నాయకత్వాన చవుదారు చెరువు నీళ్ళు తాగడానికి ఊరేగింపుగా పోవలసి వచ్చింది. గుడిలో అవే నీళ్ళు మన బిడ్డ నెత్తిన పోస్తారు. శూద్రుడు వేదం వింటే చెవిలో సీసమూ లక్కా కరిగించి పోయమని గౌతమ ధర్మసూత్రం చెప్పింది. ఇక్కడ చెవి తెరవమని ప్రార్థన చేస్తారు.

వేదాంతులు దీనికి చెప్పే అర్థం వేరే ఉంది. ఆదిపాపం పోవడం, సంఘంలో చేరడం. దాన్ని మేం కాదనడం లేదు. కానీ అమ్మమ్మలూ నాయనమ్మలూ ఆరోజు ఎందుకంత సంతోషపడతారో అర్థం కావాలంటే, ఈ ముట్టుకోవడం సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. దండగ ఖర్చని, విదేశీ మతమని కొట్టిపారేసేవాళ్ళు ఈ సంతోషానికి జవాబు చెప్పలేరు.

గుడి పేరు, బడి పేరు

తర్వాత పేరు. చట్టసంహిత 855వ నిబంధన క్రైస్తవ భావనకు పరాయిగా ఉండే పేరు పెట్టకూడదని మాత్రమే చెబుతుంది. పునీతుల పేరే పెట్టాలని బలవంతం లేదు. అయినా తెలుగు కథోలికులు పునీతుల పేర్లను తమ నోటికి తగ్గట్టు మార్చుకున్నారు. జోసెఫ్ జోజప్ప అయ్యాడు, జోజయ్య అయ్యాడు. పీటరు రాయప్ప. పౌలు చిన్నప్ప. జేవియర్ శౌరి. ఇగ్నేషియస్ ఇన్నయ్య. లూర్దమ్మ, ఆరోగ్యమ్మ, మరియమ్మ సరేసరి.

ఈ పేర్లలోనే కులం దాక్కుని ఉంది. పునీతుడు ఒక్కడే. ఊళ్ళో ఆయన జోజిరెడ్డి, పల్లెలో జోజప్ప. ఊళ్ళో శౌరిరెడ్డి, పల్లెలో శౌరయ్య. ఊళ్ళో ఇన్నారెడ్డి, పల్లెలో ఇన్నయ్య. నీళ్ళు ఒకటే, తైలం ఒకటే, పునీతుడు ఒకడే. పేరు తోక దగ్గరికొచ్చేసరికి ఎవరి వీధి వాళ్ళది.

దీనికి చరిత్ర ఉంది. తెలుగునాట కథోలికం మొదట పల్లెలోకి రాలేదు. 18వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో జెస్విట్ గురువుల కర్ణాటక మిషను పుంగనూరు, కృష్ణాపురం, మద్దిగుబ్బ ప్రాంతాల్లో పనిచేసినప్పుడు చేరిన వాళ్ళలో రెడ్లూ కమ్మవాళ్ళూ ముఖ్యులు. వాళ్ళలో కొన్ని కుటుంబాలు ఆ శతాబ్దంలోనే గుంటూరు సీమకు తరలివచ్చాయి. ఫిరంగిపురం లాంటి పాత కథోలిక ఊళ్ళు అట్లా ఏర్పడ్డవే. దళితులు పెద్దసంఖ్యలో చేరింది 19వ శతాబ్దం చివరిభాగంలోనూ ఆ తర్వాతా. అంటే మనం చేరేనాటికే గుడిలో కులం కూచుని ఉంది. బల్ల ఖాళీగా లేదు.

పల్లెలో పేర్లకు ఇంకో చిక్కుంది. గుడి పేరు ఒకటి, బడి పేరు ఒకటి. గుడిలో జోజప్ప, బడిలో రాజేషు. గుడిలో మరియమ్మ, బడిలో స్వాతి. బడిలో పేరు పక్కన "హిందూ - మాల", "హిందూ - మాదిగ" అని ఉంటుంది. తల్లిదండ్రులు మోసం చేయాలని ఇట్లా చేశారని బయటివాళ్ళు అనుకుంటారు. చాలాచోట్ల బడిలో చేర్చుకున్న పంతులే మతం గడిలో తనకు తోచింది రాశాడు. చదువురాని తండ్రి వేలిముద్ర వేశాడు. తర్వాత్తర్వాత చదువుకున్నవాళ్ళు చట్టం సంగతి తెలిసి భయపడి అట్లాగే ఉంచారు.

రెండు రిజిస్టర్లు

ఇప్పుడు అసలు విషయానికొస్తాం. జ్ఞానస్నానం ఇచ్చాక విచారణ గురువు ఆ వివరాలు వెంటనే రిజిస్టరులో రాయాలని చట్టసంహిత 877వ నిబంధన. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానతల్లిదండ్రుల పేర్లు, జ్ఞానస్నానం ఇచ్చినవారి పేరు, జరిగిన తేదీ, స్థలం, పుట్టిన తేదీ, ఊరు రాయాలి. తర్వాత పెళ్ళయితే అదీ ఆ వరస పక్కనే ఎక్కిస్తారు. ఈ నిబంధనలో కులం గడి లేదు.

జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అది వచ్చాక కూడా మన పల్లెల్లో పుట్టినవాళ్ళలో చాలామంది పేర్లు ఏ ప్రభుత్వ పుస్తకంలోనూ ఎక్కలేదు. ఎప్పుడు పుట్టావంటే "తుఫాను ఏడాది", "ఫలానావాళ్ళ పెళ్ళి ముందు" అని చెప్పుకునే రోజుల్లో, గుడి రిజిస్టరు మన తాతముత్తాతల పేరూ తేదీ రాసిపెట్టింది. భూస్వామి పద్దు పుస్తకంలో కాకుండా, అప్పు పక్కన కాకుండా, మన మనిషి పేరు తన తల్లి పేరు, తండ్రి పేరుతో కలిపి రాసిన పుస్తకం అది. మా తరానికి దాని విలువ ఇప్పుడు తెలుస్తోంది.

రెండో రిజిస్టరు బడిది. దాంట్లో మతం గడీ ఉంది, కులం గడీ ఉంది. ప్రభుత్వం ఇచ్చే కులధృవీకరణ దాన్ని చూసి, విచారణ చేసి ఇస్తారు.

ఈ రెండు పుస్తకాలూ ఒకదానికొకటి పడవు. కథోలిక సంస్థలు నడిపే స్కూల్లో, కాలేజీలో అల్పసంఖ్యాకుల కోటాలో సీటు కావాలంటే జ్ఞానస్నాన పత్రం తెమ్మంటారు. గుడిలో పెళ్ళి జరగాలన్నా అదే కావాలి. ఎమ్మార్వో ఆఫీసులో షెడ్యూల్డు కులం సర్టిఫికెట్టు అడిగినప్పుడు అదే పత్రం బయటపడితే పని ఆగిపోతుంది. అందుకే ఇప్పుడు పండుగలో ఒక కొత్త భయం చేరింది. "ఫోటోలు ఫోన్లో ఎవరికీ పంపొద్దురా, రేపు ఎవడన్నా అర్జీ పెడతాడు" అని పెద్దవాళ్ళు హెచ్చరిస్తున్నారు. బిడ్డ పండుగ చేసుకుని దాన్ని దాచుకోవలసిన పరిస్థితి ఏ కులంవాళ్ళకుంది? జోజిరెడ్డి కొడుకు జ్ఞానస్నానానికి ఊరంతా ఫ్లెక్సీలు కట్టుకోవచ్చు. ఆయనకు పోయేదేమీ లేదు.

చట్టం ఏం చెబుతోంది

దీనికి మూలం 1950 ఆగస్టు 10న వచ్చిన రాజ్యాంగ (షెడ్యూల్డు కులాల) ఉత్తర్వు. దాని మూడో పేరా ప్రకారం హిందూమతం కాకుండా వేరే మతాన్ని అవలంబించే వ్యక్తి షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సవరించి సిక్కులను చేర్చారు. 1990లో మళ్ళీ సవరించి బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులూ ముస్లింలూ బయటే ఉండిపోయారు. షెడ్యూల్డు తెగలకు ఈ షరతు లేదు. ఒక కోయ క్రైస్తవుడు తెగ గుర్తింపు పోగొట్టుకోడు. మాదిగ క్రైస్తవుడు పోగొట్టుకుంటాడు. ఆగస్టు 10ని దళిత క్రైస్తవ సంఘాలు ఏటా బ్లాక్ డేగా పాటించేది ఇందుకే.

మన రాష్ట్రంలో దీనికి ఒక చిన్న ఊరట ఉంది. 1970లో వచ్చిన జీవో 1793 వెనకబడిన తరగతులను నాలుగు గ్రూపులు చేసింది. షెడ్యూల్డు కులాలనుంచి క్రైస్తవంలోకి మారినవాళ్ళనూ వాళ్ళ సంతానాన్నీ 'సి' గ్రూపులో పెట్టి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 1977 ఆగస్టు 30 నాటి జీవో 341 చట్టబద్ధం కాని కొన్ని ఆర్థిక రాయితీలను షెడ్యూల్డు కులాలతో సమానంగా ఇవ్వమంది. కానీ షెడ్యూల్డు కులాలకున్న 15 శాతం ఉద్యోగాలు, రిజర్వుడు నియోజకవర్గాల్లో పోటీ, 1989 అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ ఈ జీవోలతో రావు. ఈ మూడోది అన్నిటికన్నా ముఖ్యం. కొట్టేవాడు నువ్వు ఏ గుడికి పోతావని అడిగి కొట్టడు.

కోర్టుల్లో ఆ ఒక్క వరస

కోర్టులు ఈ విషయంలో నడిచిన దారి చూద్దాం.

మొదటిది మన దగ్గరి కేసే. మాదిగలైన తల్లిదండ్రులు క్రైస్తవంలోకి మారాక పుట్టిన యువకుడు 1973లో హిందూమతంలోకి వచ్చి గుంటూరు వైద్య కళాశాలలో రిజర్వుడు సీటు అడిగాడు. పుట్టుకతో క్రైస్తవుడు కాబట్టి కుదరదన్నారు. 1976లో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి, పుట్టుకతో క్రైస్తవుడైనా తిరిగొచ్చి, ఆ కులంవాళ్ళు తమవాడిగా అంగీకరిస్తే కులం వస్తుందని చెప్పింది. 2015లో ఇంకో కేసులో అదే కోర్టు మూడు రుజువులు కావాలంది. కులం ఫలానా అని స్పష్టమైన రుజువు, పూర్వీకుల మతంలోకి తిరిగి మారినట్టు రుజువు, కులస్తులు అంగీకరించినట్టు రుజువు.

1985లో సూసై కేసు వచ్చింది. మద్రాసు రోడ్డుపక్కన చెప్పులు కుట్టుకునే మనిషి. ప్రభుత్వం తోటి చెప్పులు కుట్టేవాళ్ళకు ఉచితంగా బంకులిచ్చి, క్రైస్తవుడని ఆయనకు ఇవ్వలేదు. మతం మారాక కూడా కులం ఉన్నదని చూపిస్తే చాలదు, ఆ కొత్తమతంలో కూడా అంతే తీవ్రంగా అణచివేత ఉన్నదని చూపించాలని సుప్రీంకోర్టు అంది. ఆ మనిషి చేతిలో ఆరెా, తోలూ అవే. కూచున్న రోడ్డూ అదే.

2024 నవంబరు 26న వచ్చిన తీర్పు మా విషయానికి నేరుగా సంబంధించింది. పుదుచ్చేరికి చెందిన ఒక స్త్రీ క్లర్కు ఉద్యోగం కోసం షెడ్యూల్డు కులం సర్టిఫికెట్టు అడిగింది. తండ్రిది షెడ్యూల్డు కులం, తల్లి క్రైస్తవురాలు. తను హిందువునేననీ, పసితనంలో జరిగిన జ్ఞానస్నానాన్నిబట్టి తనను క్రైస్తవురాలిగా లెక్కకట్టొద్దనీ ఆమె వాదన. పుట్టిన రెండు నెలల్లోపే, 1991 జనవరిలో, ఆమెకు గుడిలో జ్ఞానస్నానం జరిగినట్టు రికార్డులో ఉంది. తల్లిదండ్రుల పెళ్ళి క్రైస్తవ వివాహ చట్టం కింద నమోదైంది. ఆమె గుడికి పోతున్నట్టు విచారణలో తేలింది. తిరిగి హిందూమతంలోకి వచ్చినట్టు బహిరంగ ప్రకటన గానీ తంతు గానీ లేదని కోర్టు సర్టిఫికెట్టు నిరాకరించింది. నిజమైన విశ్వాసం లేకుండా రిజర్వేషన్ కోసమే మతం మారడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని కూడా అంది.

2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. కులం పేరుతో దూషించారని, కొట్టారని ఒక పాస్టరు పెట్టిన అత్యాచారాల కేసును కొట్టేసింది. క్రైస్తవంలోకి మారిన రోజే షెడ్యూల్డు కులం హోదా పోతుందనీ, సర్టిఫికెట్టు రద్దుకాకుండా చేతిలో ఉన్నా రక్షణ రాదనీ చెప్పింది.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. ఉయ్యాల్లో ఉన్న బిడ్డకు మతం ఎంచుకునే జ్ఞానం లేదు. అయినా ఆ రోజు రాసిన వరస ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యమైంది. గుడి దృష్టిలో జ్ఞానస్నానం చెరగని ముద్ర, రెండోసారి ఇవ్వడానికి లేదు, వెనక్కి తీసుకోవడానికీ లేదు. కులం కూడా మన దేశంలో చెరగని ముద్రే. రెండు చెరగని ముద్రలు ఒకే ఒంటిమీద ఉండగా, ఒకటి ఉంటే ఇంకొకటి లేనట్టేనని రాజ్యం అంటోంది.

గుడి లోపలి సంగతి

రాజ్యాన్ని తిట్టి ఊరుకుంటే మన పని సగమే అవుతుంది. సూసై కేసులో కోర్టు అడిగిన రుజువు గుడిలోనే ఉంది. వేరు వరసలు, వేరు సమాధులు, వేరు వీధుల ఊరేగింపులు కథోలిక ఊళ్ళకు కొత్తకాదు. భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో దళితుల సాధికారత మీద విడుదల చేసిన విధానపత్రంలో సంఘంలో కులవివక్ష ఉన్నదని ఒప్పుకుంది. దేశంలోని 1.9 కోట్ల కథోలికుల్లో 1.2 కోట్లమంది దళితులేనని కూడా అంది. తెలుగువాడైన మారంపూడి జోజి 2000లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి అయ్యాడు, ఆ పదవిలో తొలి దళితుడు. అదే పీఠంనుంచి పూల అంతోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యాడు, దేశంలోనే తొలి దళిత కార్డినల్. ఇవి చిన్న విషయాలు కావు. కానీ మెజారిటీ ఎవరో తెలిసిన సంఘంలో తొలి మనిషి రావడానికి ఇన్నాళ్ళెందుకు పట్టిందని అడగాలి.

పండుగ దగ్గరే ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. జ్ఞానతండ్రికి కావలసిన అర్హతలు చట్టసంహిత 874వ నిబంధనలో ఉన్నాయి. పదహారేళ్ళు నిండాలి, కథోలికుడై ఉండాలి, విశ్వాసంలో నడవాలి. కులం అనే అర్హత లేదు. అయితే మీ విచారణలో మాదిగ బిడ్డకు రెడ్డి జ్ఞానతండ్రిగా నిలబడ్డాడా? రెడ్డి బిడ్డకు మాల స్త్రీ జ్ఞానతల్లిగా నిలబడిందా? మాల బిడ్డను మాదిగ జ్ఞానతల్లి ఎత్తుకుందా? ఈ మూడో ప్రశ్న మనలో మనం వేసుకోవలసింది. గుడి రిజిస్టరు తెరిచి జ్ఞానతల్లిదండ్రుల గడి చదివితే జవాబు దొరుకుతుంది. కులం గడి లేని పుస్తకంలో కులం ఎక్కడుందో ఆ గడి చెబుతుంది.

ఇంకొకటి. జ్ఞానస్నానానికి ముందు గుడి చందా బాకీ తీర్చమని కొన్నిచోట్ల అడుగుతారు. పేదరికం కారణంగా ఎవరికీ సంస్కారాలు అందకుండా పోకూడదని 848వ నిబంధన. కార్యకర్తలు ఆ అంకె గుర్తుపెట్టుకోవాలి.

మనం చేయవలసినవి

ఒకటి. పండుగ మానేయమనో, రిజిస్టరులో రాయించొద్దనో, తప్పు రాయించమనో సలహా ఇవ్వడం మన పని కాదు. రెండు రిజిస్టర్లకూ మధ్య ఉన్న పేచీ ఏమిటో, ఎవరికి ఏం వస్తుందో ఏం పోతుందో తల్లిదండ్రులకు ముందే తెలుగులో విడమరిచి చెప్పడం మన పని. బి.సి. 'సి' గ్రూపు సంగతి, జీవో 341 సంగతి చాలామంది గురువులకూ ఉపదేశులకూ కూడా తెలియదు.

రెండు. మూడో పేరా తీసేయాలన్న డిమాండు గుడిలోపలి డిమాండుగా మిగిలిపోకూడదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఇచ్చిన నివేదిక షెడ్యూల్డు కులం హోదాను మతంనుంచి విడదీయమంది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చి 24న దళిత క్రైస్తవులను చేర్చమని తీర్మానం చేసింది. కేంద్రం 2022 అక్టోబరులో బాలకృష్ణన్ కమిషన్ వేసింది. "మా వాటా తగ్గుతుంది" అనే హిందూ దళిత సోదరుల భయాన్ని కొట్టిపారేయకుండా, వాటా పెంచమనే డిమాండుతో కలిపి మాట్లాడాలి. ఒకే ఇంట్లో అన్న హిందువుగా, తమ్ముడు క్రైస్తవుడిగా రాయబడి ఉన్న పల్లెలు మనవి.

మూడు. విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ ఒక పని. పాత విచారణల్లో జ్ఞానస్నానం, పెళ్ళి, మరణం రిజిస్టర్లు ఉన్నాయి. చెదలు పడుతున్నాయి, వానకు తడుస్తున్నాయి. మన తాతమ్మల పేర్లు, వాళ్ళ ఊళ్ళు, పిల్లలెంతమంది పుట్టారు, ఎంతమంది పోయారు, ఎవరు ఎవరికి జ్ఞానతల్లిగా నిలబడ్డారు అన్నీ వాటిలో ఉన్నాయి. రాజుల శాసనాలు చదివే చరిత్రశాఖలు వీటి జోలికి రావడం లేదు. గురువుల అనుమతితో, బతికున్నవాళ్ళ వివరాలు బయటపెట్టకుండా, వీటిని భద్రపరిచి చదవాలి. కోర్టు మనకు వ్యతిరేకంగా చదివిన పుస్తకాన్ని మనం మన చరిత్రగా చదవడం మొదలుపెట్టాలి.

ఈ విషయం మీద వేరే జిల్లాల మిత్రుల అనుభవాలు, ముఖ్యంగా లూథరన్, బాప్టిస్టు కుటుంబాలవాళ్ళవి, కోర్టు మెట్లెక్కినవాళ్ళవి, రాయాలని కోరుతున్నాం. మాతో విభేదించేవాళ్ళు ఇంకా ముందు రాయాలి.